ట

మా నాయనమ్మ ఏ కబురు చెప్పినా
చివర్న ఒక ట తగిలించేది.
పేరూరు సంతలో రెండు తలల దూడ పుట్టిందంట.
మునసబుగారి ఎద్దు ఆయన్ని చూసి నవ్విందంట.
తాలు ఎగరబోసినట్టు
చూసిందొక కుప్ప, విన్నదొక కుప్ప
ఆ ఒక్క అక్షరంతో తూర్పారపట్టేదని
యాభై దాటాకగానీ నాకు తెలియలేదు.

ఆ రాత్రి ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక.
వశిష్ఠ మా లంక గట్టు అంచుదాకా వచ్చి
ఎర్రగా, చప్పుడు లేకుండా పోతోంది.
పదకొండున్నరకి సెల్లులో ఎవరిదో గొంతు:
"ఎగువన గట్టు తెగిందంటండి, ఆయ్, జాగర్త."
ట ఉంది. విన్నాను.
విని కూడా...

తెగుతుందని నాకు ముందే తెలుసు కదా!
ఇసుక లారీలు గట్టు మీంచి పోతున్నాయని
మూడేళ్ళుగా అర్జీలు పెట్టింది నేనే.
గట్టులో పీతబొక్కలు ఉన్నాయో లేదోగానీ
నా మనసులో ఒక బొక్క ఉంది.
కబురు సరిగ్గా ఆ కొలతకే వచ్చింది.

అప్పుడు ఫోన్లో ఉండే ఆ కొత్త తెలివిని అడిగాను.
గట్టు తెగిందా, అని కాదు.
గట్టు ఎందుకు తెగింది, అని.

ఎంత మర్యాదగా చెప్పిందనుకున్నారు!
పీతబొక్కలు. లారీల బరువు. అడుగున ఇసుకపొర.
ఊట. ఎగువ నీటి ఒత్తిడి.
ఐదు కారణాలు, అంకెలు వేసి, వరసన,
నా అర్జీలో మాటలే ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చినట్టు.
ఎక్కడా తడబాటు లేదు. ఎక్కడా ట లేదు.
అది అబద్ధమాడిందని అనను.
నేనడిగిన ప్రశ్నలోనే గట్టు తెగి ఉంది,
ఆ గండిలోంచి నీళ్ళు తోడి నా చేతికిచ్చిందంతే.
ఐదు కారణాలున్న సంగతి
జరక్కుండా ఎలా ఉంటుంది, మీరే చెప్పండి?

పంచాయతీ మైకు పట్టుకున్నాను.
"గట్టు తెగింది. లేవండి."
తెగిందంట అనలేదు.
కొబ్బరి దింపు లెక్కలు రాసేవాణ్ణి,
ఒక్క కాయ తేడా రానివ్వడని పేరున్నవాణ్ణి.
ఎవరూ ఎదురడగలేదు.

చీకట్లో నావల తోపులాట.
చంటిపిల్లలు, బియ్యం డబ్బాలు, తడిసిన పాసుపుస్తకాలు.
గుబ్బల మంగాయమ్మ కత్తిపీటతో పలుపులు కోసేసింది,
"ఈదుకుని బతకండమ్మా" అని నాలుగు గేదెలకీ చెప్పి.
రేవు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది.

తెల్లారింది. గట్టు గట్టులాగే ఉంది.
దాని మీద గోనెసంచి కప్పుకుని లస్కరు సూరన్న.
రాత్రంతా గేజీ దగ్గరే ఉన్నాడంట...
కాదు, ఉన్నాడు.
మోకాళ్ళదాకా బురద ఎండిపోయి ఉండటం నేను చూశాను.
"అర్ధరాత్రి నించీ రెండంగుళాలు తీసిందండి" అన్నాడు.
"ఒక్కరైనా వచ్చి అడుగుతారేమో అని చూశాను."
మా వీధి చివర్నించి గేజీకి మూడొందల అడుగులు.

మూడు గేదెలు తిరిగొచ్చాయి.
నాలుగోదాని ఊసు మంగాయమ్మ ఎత్తదు.
కర్ర పొడుచుకుంటూ ఎదురైతే మాత్రం
"ఏం గుమస్తాగారూ, ఇవాళ చూసిందా, విన్నదా?" అంటుంది.
విన్నదేనమ్మా, అంటాను.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు.
ఆ రాత్రి గట్టు తెగిన చప్పుడు నేను విన్నాను.
తాటిదుంగ విరిగినట్టు, ఒక్కసారే, ఎగువనించి.
మైకు పట్టుకోకముందా, ఆ తరవాతా?
ఎన్నిసార్లు వేసినా ఆ లెక్క తేలడం లేదు.
వరద తీశాక గట్టు పొడుగునా నడిచాను,
గడ్డి పలచబడ్డ చోటల్లా మడమతో తొక్కి చూశాను.
తెగలేదు.

వానాకాలం రాత్రుళ్ళు ఇప్పటికీ వినిపిస్తుంది.
విన్నానంట, అనుకుని
అటు తిరిగి పడుకుంటాను.
కాసేపటికి మళ్ళీ.